పరుపులో చెవికమ్మ

అత్తగారు కూర్చునే పరుపు విప్పి దూది ఏకుతుంటే, చిన్న గుడ్డమూట ఒకటి నఫోసత్ ఒళ్లో పడింది. కుట్టు విప్పి చూసింది. ఎర్రరాయి పొదిగిన బంగారు చెవికమ్మ, ఒంటిది! మర్గిలాన్ పట్నంలో ఆ వీధిలో ఈ కమ్మ కథ తెలియని ఆడదెవరు?

ఈ కమ్మ దొంగిలించిందనే కదా, తనకన్నా ముందు ఈ ఇంటి కోడలుగా ఉన్న సలోమత్‌ని అత్తగారు ముతబర్ వీధిలో నిలబెట్టి వెళ్లగొట్టింది! తల్లి మాట జవదాటని ఆవిడ కొడుకు ఇక్రోమ్ తలాక్ చెప్పేశాడు. కొన్నాళ్లకు నఫోసత్ అతనికి భార్యగా వచ్చింది. దొంగ అని పేరు పడ్డ సలోమత్‌ని మాత్రం మళ్లీ ఎవరూ చేసుకోలేదు. పుట్టింట్లో టోపీలు కుట్టుకుని బతుకుతోంది. పోనీ, కమ్మ పొరపాటున దూదిలోకి జారిందనుకున్నా, జారిన కమ్మ తనంతట తానే మూట కట్టుకుంటుందా? ఆ మూట మీద బిగువైన కుట్టు అత్తగారిదే. అంటే అత్తయ్యకు తెలుసు... తెలిసే, ఇన్నాళ్లూ దీనిమీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుతోంది...

ద్రాక్షపందిరి కింద అరుగు మీద ముతబర్ సంబరంగా ఉంది. ఇన్నాళ్లకు ఆవిడకు హజ్ యాత్రకు వంతు వచ్చింది. వెళ్లేముందు గడపగడపకూ తిరిగి, "నా వల్ల తప్పు జరిగితే మన్నించండి" అని అడగడం ఆనవాయితీ. మోకాళ్ల నొప్పులని చెప్పి ఆవిడ ఆ పని ఫోన్‌లో కానిచ్చేసింది. బంధువులూ వీధివాళ్లూ ఉన్న గ్రూపులో ఒక్క మెసేజ్!

"చూశావటే, ఎన్ని గుండెబొమ్మలు పెట్టారో. ఒక్కరూ కాదనలేదు."

మూటను గుప్పిట్లో దాచుకుని నఫోసత్ అడిగింది. "అత్తయ్యా, తప్పేమిటో తెలియకుండా మన్నిస్తే ఆ మన్నింపు చెల్లుతుందా?"

"మొదలెట్టావూ? సమాధిలో ప్రశ్నలడిగే దేవదూతలు కూడా నీ దగ్గరకొచ్చి అరువు తీసుకోవాలి."

ప్రార్థనలు నేర్పడానికి వచ్చిన ఓతిన్ అమ్మ, ఆ వీధి ఆడవాళ్లకు ఖురాన్ చదివించే ముసలావిడ, నవ్వేసింది. "అడగనీవే. నమాజు తప్పితే అల్లాను వేడుకో, మన్నిస్తాడు. మనిషికి అన్యాయం చేస్తే మాత్రం ఆ మనిషినే అడగాలి. ఆ మన్నింపు అల్లా కూడా వాళ్ల చేతికే వదిలేశాడు."

"ఫోన్‌లో అడగొచ్చా?"

"ఫోన్ ఏం పాపం చేసింది? నా మనవడికి దీవెనగా దువా నేనూ ఫోన్‌లోనే చెప్తాను. కాకపోతే, ఎవరికి అన్యాయం చేశామో వాళ్లు ఆ గ్రూపులో ఉండాలి కదమ్మా."

ముతబర్ టీ గిన్నె పక్కన పెట్టేసింది. సలోమత్ పేరు ఆ గ్రూపులోంచి ఎప్పుడో తీసేశారు.

ఓతిన్ అమ్మ వెళ్లిపోయింది. నఫోసత్ తన గుప్పిటవైపు చూసుకుంది. కమ్మ మళ్లీ దూదిలో పెట్టి కుట్టేస్తే తన కాపురానికి ఢోకా లేదు. బయటపెడితే? సలోమత్ ఏ తప్పూ చేయలేదని తెలిశాక ఇక్రోమ్ మనసు అటు తిరిగితే తన గతేం కాను? ఈ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్తారు? అయినా గుప్పిట విప్పింది.

ముతబర్ మొహం పక్కకు తిప్పుకుంది. "దొరికేసరికి నీ పెళ్లయిపోయిందే... చెప్తే నువ్వేమైపోతావోనని..."

"నా పేరు చెప్పి దాచకండత్తయ్యా."

"నీకు భయం లేదుటే? వాడు దాన్ని మళ్లీ తెచ్చుకుంటే?"

"ఉంది. చాలా ఉంది. లేవండి, పోదాం."

సలోమత్ గుమ్మంలో కూర్చుని టోపీకి పువ్వులు కుడుతోంది. ముతబర్ కమ్మను ఆమె ముందు పెట్టి, జరిగింది చెప్పి, నేలమీద కూలబడి ఏడ్చింది. సలోమత్ సూది ఆపి విన్నది.

"ఇక్కడ నా చెవిలో చెప్తే ఎలా అత్తయ్యా?" అంది, పాత అలవాటు పోక. "దొంగా అన్నప్పుడు వీధంతా విన్నది. మీ గ్రూపులోనే చెప్పండి."

ముతబర్ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "నేను ముతబర్‌ని. సలోమత్ దొంగ కాదు. కమ్మ నా పరుపులోనే దొరికింది. తెలిసీ దాచాను..."

అందరూ విన్నారు. ఈసారి ఒక్క గుండెబొమ్మా రాలేదు.

సలోమత్ నఫోసత్ వైపు తిరిగింది. "నువ్వెందుకే అలా పాలిపోయావు? నాక్కావలసింది నా పేరు. అమ్మ మాటకి నన్ను వదిలేసిన మొగుణ్ణి నువ్వే ఏలుకో."

నవ్వాలో ఏడవాలో తెలియక నఫోసత్ రెండూ చేసింది.

"మరి నన్ను మన్నించావా తల్లీ?" ముతబర్ అడిగింది.

"ఇంకా లేదు. మనసు ఒప్పుకోకుండా నోటితో అంటే అదీ అబద్ధమే. రేపు రండి. ఫోన్ చేయకండి, నడిచి రండి."

సాయంత్రం ఇక్రోమ్ ఇంటికొచ్చి అరుగు చివర తలవంచుకుని కూర్చున్నాడు. "నువ్వు దాచేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు," అన్నాడు.

"నాకు తెలిసేది," అంది నఫోసత్. అతను ఆమె చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

తెల్లవారింది. ముతబర్ మోకాళ్లకు నూనె రాసుకుని, "నువ్వూ వస్తావుటే?" అనడిగింది. నఫోసత్ అప్పటికే గడప దగ్గర అత్తగారి చెప్పులు వీధివైపు తిప్పి పెట్టింది.