ఆ ఇంట్లో హీరో చావడు

ఒకే భవనం. పైన పళ్ల డాక్టరు, కింద కళ్లజోళ్ల అమ్మాయి. ప్రేమకు కళ్లు లేవంటారు గానీ, ఈ ప్రేమకు కళ్లూ ఉన్నాయి, పళ్లూ ఉన్నాయి. ముందు బయటపడినవి మాత్రం పళ్లే, కొరకడానికి.

"మీ బోర్డు వల్ల మా బోర్డు కనిపించట్లేదండీ," అన్నాడు అతను, మొదటి రోజే మెట్లు దిగొచ్చి.

"కనిపించట్లేదా? లోపలికి రండి, టెస్ట్ చేస్తాను."

కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు చదవమంది. అతను అక్షరాలు వదిలేసి ఆమెను చదవడం మొదలుపెట్టాడు. బయట వాన మొదలైంది. ప్రేమకథ కదా, రాకపోతే ఊరుకుంటామా.

ఆర్నెల్లయ్యాక అసలు చిక్కు వచ్చింది. ఆమె తండ్రి రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా పచ్చజెండా ఊపి, కాబోయే అల్లుళ్ల దగ్గరికొచ్చేసరికి ఎర్రజెండా పట్టుకు కూర్చున్నాడు. అప్పటికే ఇద్దర్ని స్టేషన్ బయటే ఆపేశాడు.

"ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఒకటే సినిమా," అంది అమ్మాయి. "నువ్వూ కూర్చుని చూడాలి. నాన్నకి నచ్చితే పెళ్లి, లేకపోతే లేదు. నువ్వు చేయాల్సింది ఒక్కటే, నోరు మూసుకోవడం."

"నేను జనం నోళ్లు తెరిపించి బతికేవాణ్ని."

"అందుకే చెప్తున్నా."

పళ్లలో పనిచేసేవాడు గనక పన్నాగం పన్నకుండా ఉండలేకపోయాడు. ఆ సినిమా ఎక్కడో వెతికి పట్టుకుని, శనివారమే బట్టీ పట్టేశాడు.

ఆదివారం హాల్లో నలుగురున్నారు. తండ్రి, తల్లి, నాన్నమ్మ, అమ్మాయి. ఇతను అయిదో మనిషి. తెర మీద హీరో నోరు తెరవకముందే తండ్రి డైలాగు చెప్పేస్తున్నాడు. విలన్ వచ్చే ముందు నాన్నమ్మ చెప్పులు దగ్గరికి లాక్కుంది, విసరడానికి. తల్లి పాటకు పాట పాడింది, సన్నాయి బిట్టుతో సహా. హీరోకి దెబ్బ తగిలింది. హీరోయిన్ ఆస్పత్రి మెట్లెక్కుతోంది. ఒక మెట్టు, రెండో మెట్టు.

తెర నీలంగా మారింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు.

ఇరవై ఏళ్ల క్రితం టీవీలో వస్తుంటే రికార్డు చేసుకున్నారట. క్యాసెట్టు అక్కడికే అయిపోయింది. తర్వాత పెన్‌డ్రైవులోకి ఎక్కించారు గానీ, లేని క్లైమాక్సు ఎక్కడినుంచి ఎక్కుతుంది?

"హీరో కోలుకుంటాడు, ఇక వాళ్ల పెళ్లే," అన్నాడు తండ్రి తృప్తిగా.

"ఇద్దరు పిల్లలు," అంది నాన్నమ్మ. "పెద్దదానికి ఈపాటికి సంబంధాలు చూస్తుంటారు."

"ఏ పిల్లలండీ?" అన్నాడు డాక్టరు. "అతను ఆస్పత్రిలోనే పోతాడు కదా."

అమ్మాయి కళ్లు మూసుకుంది. నాన్నమ్మ చేతిలో చెప్పు జారింది.

"ఎవరు చెప్పారు?"

"నేనే చూశాను అంకుల్. చివరిదాకా. రెండుసార్లు."

తండ్రి లేచి నిలబడ్డాడు. "అంటే వాణ్ని రెండుసార్లు చంపావన్నమాట. ఇక బయల్దేరు బాబూ."

మర్నాడు కళ్లజోళ్ల షాపులో అమ్మాయి తలెత్తలేదు.

"నేను నిజమే చెప్పాను," అన్నాడు.

"పన్ను పీకే ముందు 'నొప్పేం ఉండదు' అని రోజుకి ఎంతమందికి చెప్తావ్? ఆ ఒక్క అబద్ధం మా నాన్నకి చెప్పలేకపోయావా?"



గురువారం పొద్దున క్లినిక్ తలుపు తీసుకుని తండ్రే వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. నేరుగా పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు.

"ఏ పన్నండీ?"

"పన్ను కాదు. చూపించు."

ఎక్స్‌రేలు చూపించే తెర మీద డాక్టరు సినిమా పెట్టాడు. మూడో మెట్టు, నాలుగో మెట్టు, ఆస్పత్రి గది. ఇరవై నిమిషాలు. కింద ఎవరు చెప్పారో ఏమో, అమ్మాయి కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది. హీరో పోయాడు. తండ్రి లేచి, పేషెంట్లు నోరు పుక్కిలించే సింకులో ముఖం కడుక్కున్నాడు.

"ఇలా అవుతుందని ఒకసారి తెలిసింది కదా. మళ్లీ ఎందుకు చూశావ్?"

డాక్టరు తడబడ్డాడు. "రెండోసారైనా బతుకుతాడేమోనని అంకుల్."

తండ్రి మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"బతికే ఛాన్సుందంటావా?"

"ఆ అంబులెన్సువాడు గేటు దగ్గర మలుపు తప్పాడు చూశారా? లేకపోతే తప్పకుండా బతికేవాడు."

"నాకూ వాడి మీదే డౌటు. ఏదీ, వెనక్కి తిప్పు."

తిప్పాడు. చూశారు. హీరో మళ్లీ పోయాడు. ఇద్దరూ కలిసి ఆ డ్రైవర్ని అరగంట తిట్టారు. బయట పేషెంట్లు బుగ్గలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"నాన్నా," అంది అమ్మాయి మెల్లగా, "మరి మా పెళ్లి?"

"చేద్దాంలేమ్మా," అన్నాడు తండ్రి, కళ్లు తుడుచుకుని. "ఒక్క నెలాగండి. ఇంట్లో మనిషి పోయి ఇంకా నాలుగు రోజులే అయింది."