పద్మినిని తోసిన అబ్బాయి

బళ్లారికి పోయే మోక ఊరి దారిలో, జోరు వానలో, ఆగిపోయిన పాత పద్మిని కారును చూడగానే రాబిన్ బైకు దిగాడు. సాయం చేద్దామని కాదు, దాని వెనకభాగం చూద్దామని.

"మేడం, ఈ చిన్న రెక్కలు చూసినారా? అమెరికావాళ్ళు విమానాలను చూసి కార్లకు ఇంతింత రెక్కలు పెట్టిరి. ఇటలీవాళ్ళు వాటిని ముద్దుగా కత్తిరించి..."

స్టీరింగు దగ్గరున్న తబితా అద్దం దించింది. "మా నాయన లైట్లు ఆర్పడం మర్చిపోయినాడు, బ్యాటరీ దిగిపోయిండాది. వెనక సీట్లో మా అమ్మకు గుండెల్లో నొప్పి. తోస్తావా, పాఠం చెప్తావా?"

రాబిన్ వెనక్కి పోయి తోశాడు. ఖనిజం లారీలు రాల్చుకుంటూ పోయిన ఎర్రదుమ్ము వానకు బురదై మోకాళ్ళదాకా అంటుకుంది. ఇంజన్ అందుకుంది. మళ్ళీ ఆగితే తోసే మనిషి ఉండాలని బైకును అక్కడే వదిలేసి ముందు సీట్లోకి ఎక్కాడు. భయమేస్తే అతనికి నోరు ఆగదు. బళ్లారి దాకా కార్ల చరిత్రే.

"ఇప్పటి కార్ల మొహాలు చూడండమ్మా, అన్నీ కోపంగా ఉండాయి. మైనింగు దుడ్డుతో కొనేవాళ్ళకు అట్లాంటివే కావాల. ఈ పద్మిని రెండు గుండ్రటి లైట్లతో ఎంత నవ్వుమొహంగా ఉండాదో!"

"సుమ్నె ఉండప్పా!" అని తబితా నోరు మూసుకోమన్నట్టు కసిరింది.

"చెప్పనీవే" అంది వెనక సీట్లోంచి తబితా అమ్మ దీనమ్మ, సన్నగా.

ఆసుపత్రి గుమ్మంలో తబితా అతన్ని కడిగేసింది. "మా అమ్మ అట్ల పడుకోనుంటే నీకు కార్ల మొహాలు కావాల్నా?" ఆమె కళ్ళలో నీళ్ళు చూశాక రాబిన్‌కు ఇంకే మొహమూ గుర్తు రాలేదు.

దీనమ్మ కోలుకుంది. ఆ కబురు తెలిసినా వాళ్ళింటికి వెళ్ళే ధైర్యం అతనికి చాలలేదు. ఇంతలో తబితా నాన్న సాలొమోను ఫోన్ చేశాడు. "ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. తప్పకుండా రావాలప్పా."

ఆ రోజుల్లో బళ్లారిలో కృతజ్ఞత కూడిక అంటే సగానికి సగం కొత్త కారు కొన్నందుకే. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించాల్సిందే. రాబిన్ వాకిలంతా వెతికాడు, పద్మిని కనిపించలేదు. అమ్మేశారన్నమాట!

పాటయ్యాక, దేవుడు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి చెప్పే సాక్ష్యాలు మొదలయ్యాయి. "రాబినప్పా, నువ్వూ లేసి ఒక మాట చెప్పు" అన్నాడు సాలొమోను.

రాబిన్ లేచాడు. "వందనాలు. కొత్త కారు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం. కానీ అంకుల్, ఆ నవ్వుమొహాన్ని ఎట్ల అమ్మేస్తిరి? ఆ కారే కదా అమ్మను ఆసుపత్రికి చేర్చింది!"

అందరి తలలూ అతని వైపు తిరిగాయి. తబితా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ గుమ్మం ఇక తనకు మూసుకుపోయినట్టేనని రాబిన్ అనుకున్నాడు.

దీనమ్మ లేచింది. "కొత్త కారు యాడిదప్పా? ఈ కూడిక నేను బతికినందుకు. ఆ పొద్దు నాకు చావు భయం పట్టుకున్యాది. ముందుసీట్లో ఈ పిల్లోడు రెక్కలనీ, మొహాలనీ వాగతానే ఉండాడు. సచ్చేదాని ముందర ఎవరన్నా ఇట్ల మాట్లాడ్తారా, నాకేం కాదులే అనుకున్యా. ఆ మాటలతోనే ధైర్యం తెచ్చుకుంటి. దేవుడు డాక్టరునూ ఇచ్చినాడు, ఈ వాగుడుకాయనూ ఇచ్చినాడు. ఇద్దరికీ నా వందనాలు."

"ఆమేన్" అన్నారెవరో. అందరూ నవ్వేశారు. రాబిన్‌కు మాత్రం కళ్ళు చెమ్మగిల్లాయి.

తబితా అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళింది. రేకుల షెడ్డులో పద్మిని శుభ్రంగా స్నానం చేసి, లైట్లు వేసుకుని నవ్వుతోంది.

"ఆ పొద్దు నిన్ను తిట్టినా. థాంక్స్ చెప్పనే లేదు."

"నేనూ ఒక మాట చెప్పల్ల."

"కార్ల గురించా?"

"కాదు. నువ్వంటే నాకు ఇష్టం."

"అంతేనా? అమెరికా, ఇటలీ ఏం లేవా?"

"లేవు."

"నాకూ ఇష్టమే" అంది తబితా, కారు రెక్క మీద వేలితో రాస్తూ.

వాళ్ళు చూస్తుండగానే లైట్లు మసకబారాయి. వెనక నుంచి సాలొమోను గొంతు వినిపించింది. "అయ్యో, మళ్ళా లైట్లు ఆర్పలేదే! రాబినప్పా, పాస్టరుగారిని దించి రావాల, వచ్చి తొయ్యి. ఈ ఇంట్లో ఇంక ఇది నీ పనే."

రాబిన్ సంతోషంగా చొక్కా చేతులు మడిచాడు. తబితా స్టీరింగు ముందు కూర్చుని అద్దం దించింది.

"ఈసారి పాఠం చెప్పుకుంటా తొయ్యప్పా. ఇంటాను."