జంటలో రెండో సీసా

గాలి శాంపిళ్లు పట్టే నూట ఇరవై మీటర్ల టవర్ కింద ఆ ఉదయం ఒక శవం దొరికింది. టవర్ ఆపరేటర్‌ది. వెనక నుంచి కాల్చారు. సీక్రెట్ ఏజెంట్ నలభై రెండుకు అతను స్వయానా అన్న.

"ఏడవడానికి టైమ్ లేదు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా మన సైంటిస్టులు ఐదుగురిని భూమి లోపల ఎక్కడో దాచింది. మధ్యాహ్నం పన్నెండింటికి చంపేస్తారట. లోపల జనరేటర్ నడవాలి కదా? పొగను ఫిల్టర్ చేస్తారేమో గానీ కార్బన్ డయాక్సైడ్‌ను దాచలేరు. నిన్న మీ అన్న సీసాలో పట్టిన గాలిలో దాని జాడ ఉండాలి. ఆ సీసాను మన మేడమ్ ప్రాణాలకు తెగించి తెచ్చింది."

ముఠాలో మన మనిషిగా చేరిన మేడమ్ నల్లకళ్లజోడు తీసి కన్నీళ్లు ఒత్తుకుంది. అంత అందగత్తె ఏడిస్తే చీఫ్ ఐసులా కరిగిపోయాడు.

ల్యాబ్‌లో సీసాను పరీక్షిస్తున్నది వదిన. భర్త శవం దొరికిన గంటకే మెషీన్ ముందు కూర్చుంది. ఆమె ముఖం చూడలేక ఏజెంట్ సిగరెట్ వెలిగించాడు.

"ఆర్పెయ్."

"ఏం తేలింది వదినా?"

"డీజిల్ జాడ లేదు. డీజిల్‌ది కోట్ల ఏళ్ల నాటి చచ్చిన కార్బన్, బతికున్న వాటిలో ఉండే కార్బన్-14 అందులో మిగలదు. ఇందులో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువే, కానీ కార్బన్-14 కూడా నిండుగా ఉంది. ఇది మనిషి ఊపిరి. మూత తిప్పేటప్పుడు మీ అన్న గాలికి ఎదురు నిలబడి ఊపిరి బిగబట్టేవారు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి తప్పలేదు. ఇది ఆయన పట్టిన సీసా కాదు."

"అసలుది మేడమ్ మాయం చేసిందన్నమాట."

"ఒకదాన్నే. ఆయనెప్పుడూ రెండు పడతారు, ఒకదానికొకటి సాక్ష్యంగా. రెండోది టవర్ పైన పెట్టెలో ఉంటుంది. ఆ సంగతి ఆవిడకేం తెలుసు?"

టవర్ ఎక్కి దిగేసరికి ఏజెంట్ చేతులు బొబ్బలెక్కాయి. రెండో సీసాలో చచ్చిన కార్బన్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువుంది. వదిన కంప్యూటర్‌లో నిన్నటి గాలిని వచ్చిన దారినే వెనక్కి నడిపించింది. గీత పోయి పోయి పాత రాతిక్వారీ దగ్గర ఆగింది.

పదకొండు యాభై ఎనిమిది. మెకానిక్ వేషంలో ఏజెంట్ క్వారీ సొరంగంలోకి దూరాడు. జనరేటర్ పొగగొట్టాన్ని బందీల గదిలోకి మళ్లించే వాల్వ్ మీద మేడమ్ చేయి ఉంది.

"నన్నెలా పట్టావ్?"

"నేను కాదు, మా వదిన."

వాల్వ్ సగం తిరిగింది. ఏజెంట్ తుపాకీ పేలింది, మేడమ్ కూలిపోయింది. ఐదుగురూ దగ్గుతూ బయటికొచ్చారు. అతనికి మాత్రం గెలిచినట్టే లేదు. అన్న లేడు.

సాయంత్రం వదిన రెండు ఖాళీ సీసాలు సంచిలో పెట్టుకుంటోంది. శాంపిల్ వేళైంది.

"నేను పట్టుకొస్తాలే వదినా."

ఆమె అతని జేబులోని సిగరెట్ పెట్టె వైపు చూసింది.

"నువ్వా? ఆ ఊపిరితో టవర్ దరిదాపులకు రాకు," అని బూట్లు బిగించుకుని బయలుదేరింది.