మూత మూసిందెవరు?

"ఒకసారి రీస్టార్ట్ చేసి చూశారా?"

ఈ ఒక్క మాటతోనే అతనికి వీధి వీధంతా 'రీస్టార్ట్' అని పేరు పెట్టేసింది. రిపేరుకి ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్ళనీ అదే అడుగుతాడు, ఫోన్ తెచ్చినవాళ్ళనీ అదే అడుగుతాడు. పక్క కళ్లద్దాల షాపాయన అయితే తన స్కూటర్ మొరాయించినా సరే, "ఏం రీస్టార్టూ, దీనికేమంటావ్?" అని కేకేస్తాడు.

ఆ వేళ వానలో సగం తడిసి వచ్చిన అమ్మాయికి మాత్రం ఆ మాట వినగానే ఒళ్ళు మండింది. ల్యాప్‌టాప్‌ని కౌంటర్ మీద దబ్బున పెట్టబోయి, మనసొప్పక మెల్లగా దించింది.

"చేశానండీ. పొద్దున్నించీ చేస్తున్నది అదే. నా బతుకే రీస్టార్ట్ అయిపోయింది."

కౌంటర్ వెనక అక్క ఫక్కున నవ్వింది. ఆ షాపులో రిపేర్లు తమ్ముడివి, బేరాలు అక్కవి. నవ్వులు కూడా ఎక్కువగా అక్కవే.

రీస్టార్ట్ ల్యాప్‌టాప్ తెరిచి చూశాడు. చూడగానే మొహం వెలిగిపోయింది.

"అరె, విండోస్ కాదే, లైనక్సా! ఎవరు వేసిచ్చారండీ?"

"నేనే వేసుకున్నాను. ఏం, వేసుకోకూడదా?"

"అయ్యయ్యో, నేనలా అనలేదండీ."

"మీరనలేదు. మీ మొహం అంది."

అతను నోరు మూసుకుని పనిలో పడ్డాడు. ఆ పనేదో ముందే చేసి ఉంటే బాగుండేది.

"అసలు జబ్బేంటండీ?"

"పని చేస్తూ చేస్తూ బిగుసుకుపోతుంది. మౌస్ కదలదు, కీబోర్డ్ పలకదు. తెర మీద ఏముంటే అదే, గోడకి తగిలించిన బొమ్మలా ఉండిపోతుంది. పవర్ బటన్ నొక్కిపట్టి చంపి, మళ్ళీ లేపుకోవాలి."

"ఎప్పుడవుతుంది?"

"అది తెలిస్తే మీ దాకా ఎందుకొస్తాను? దానికెప్పుడు బుద్ధి పుడితే అప్పుడు."

ఆమె చేసే పనేమిటో విన్నాక అతనికి సంగతి ఎంత దూరం పోయిందో అర్థమైంది. నాటకాల హాల్లో ఆమె క్యాప్షన్లు కొడుతుంది. స్టేజీ మీద నటులు మాట్లాడుతుంటే ఆ మాటలన్నీ అప్పటికప్పుడు టైపు చేస్తుంది. పక్కనున్న తెర మీద అవి పెద్దపెద్ద అక్షరాలతో పడతాయి. వినపడనివాళ్ళు ముందు వరుసలో కూర్చుని చదువుకుంటారు.

"డైలాగులు ముందే రాసుంటాయి కదండీ. అవే వేసెయ్యొచ్చుగా?"

"మావాళ్ళు రాసింది రాసినట్టు చెప్పిన రోజున అలాగే వేస్తాను. అన్నది అన్నట్టు కొట్టాలండీ, అదీ పద్ధతి. ఇంట్లో కూడా అంతే. మా నాన్న ముందు ఎవరే మాటన్నా నేను కొట్టి చూపించాల్సిందే. దాచడాల్లేవు, కుదించడాల్లేవు. అత్తయ్య ఆయన్ని తిట్టినా సరే, తిట్టు తిట్టులాగే కొడతాను."

వాళ్ళ నాన్న ఆ హాల్లోనే ప్రాంప్టర్. ఎన్నో ఏళ్ళు తెర చాటున నిలబడి, మాట మరిచిపోయిన నటులకి మాట అందించినవాడు. ఇప్పుడు ఆయనకి చెవులు పూర్తిగా పోయాయి. నాటకం మీద మోజు మాత్రం పోలేదు.

"పోయిన నాటకంలో హంతకుడెవరో బయటపడే సీను. 'యజమానిని చంపింది...' అని కొట్టాను. అంతే! అక్కడే బిగుసుకుపోయింది. ఎవరు చంపారో మా నాన్నకి ఇప్పటికీ తెలీదు. నేను చెప్తానంటే చెవి... అదే, కళ్ళు మూసుకుంటాడు. నాటకంలోనే తెలుసుకుంటాట్ట."

రీస్టార్ట్‌కి నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు.

"ఈ నెలాఖరు ఆదివారం అదే నాటకం మళ్ళీ వేస్తున్నారు. ఈసారి కూడా ఆగిపోతే ఆ తెర పీకించేస్తానన్నారు మేనేజరుగారు. తెర లేకపోతే మా నాన్నకి అక్కడేం మిగుల్తుందండీ? మనుషులు నోళ్ళు ఆడించడం తప్ప."

"ఆగదండీ. నేను చూస్తాను కదా" అన్నాడతను. అంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే తెలీదు.

ఫ్యాన్ దుమ్ము దులిపాడు. మెమరీ పరీక్ష పెట్టాడు. డ్రైవర్ మార్చాడు, కెర్నెల్ మార్చాడు. షాపులో అది ముత్యంలా పనిచేసింది. ఇంటికి తీసుకెళ్ళగానే మళ్ళీ అదే కథ.

"మీ దగ్గర బుద్ధిగా ఉండి ఇంటికెళ్ళగానే పేచీ పెడుతోంది" అంటూ రెండోసారి వచ్చిందామె. "అచ్చం మా మేనల్లుడే."

ఈసారి అతనికో చిన్న ఆధారం దొరికింది. మూత మూసి తెరిచి చూస్తే ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది.

"మూత మూస్తే ఇది నిద్రపోవాలండీ. నిద్ర సరిగా పట్టక సగంలో కొయ్యబారిపోతోంది. పని మధ్యలో మూత మూయకండి."

"మూత మూసి ఎలా టైపు చేస్తారండీ ఎవరైనా?"

"ఏమో, మీ వేగం చూస్తుంటే మీకు చేతనవుతుందేమోనని."

ఆమె నవ్వింది. బయట వాన జోరుగా ఉంది. తగ్గాక వెళ్దామని కూర్చుంది. నాటకాల్లో ఎవరు ఎక్కడ మాట మరిచిపోయారో, కీబోర్డులో టీ పోసి ఎవరేం అబద్ధాలు చెప్పారో, కబుర్లు ఎక్కడెక్కడికో వెళ్ళాయి.

"వాన వెలిసి చాలాసేపైంది" అంది అక్క, ఎవరితోనూ కాదన్నట్టు.

ఆమె వెళ్ళాక తమ్ముడి నెత్తిన ఒకటి మొట్టింది. "జబ్బు ల్యాప్‌టాప్‌కి కాదురా."

ఆ మాట అతని బుర్రలో జీడిపాకంలా అతుక్కుపోయింది. కొంప ముంచింది కూడా అదే.

బుధవారం ఆమె మళ్ళీ వచ్చింది. చేతిలో గొడుగు, మొహంలో ఏదో తడబాటు. "మళ్ళీ అయిందండీ" అంది, అతని వైపు చూడకుండా.

అతను లాగ్ తెరిచాడు. తనకేం జరిగిందో లైనక్స్ ఎప్పటికప్పుడు అందులో రాసుకుంటుంది. బిగుసుకుపోయిన ప్రతిసారీ అందులో ఆఖరి మాట ఒక్కటే: మూత మూశారు. నాటకం వేసిన రోజునా అదే. ఇంట్లో అయిన రోజులూ అదే. ఇవాళా అదే.

అతని గుండె ఎగిరి గంతేసింది. మరి మూత మూయొద్దని చెప్పాక కూడా ఎందుకు మూస్తుంది? అక్క చెప్పిందే నిజమా? అంత సంతోషంలో మనిషికి నాలుక అదుపులో ఉండదు.

"మేడమ్, మీకిక్కడికి రావాలనిపిస్తే ఊరికే రావచ్చండీ. పాపం, దీన్నెందుకు హింసించడం?"

"ఏంటీ?"

"ప్రతిసారీ మూత మూసినట్టు ఇందులో ఉంది. మీరే..."

ఆమె మొహం ఎర్రబడింది. "అంటే? నేనే మూత మూసి, హ్యాంగైందని అబద్ధం చెప్పి, మీ మొహం చూడ్డానికి వస్తున్నానా? మా నాన్న నాటకం పాడు చేసుకుని మరీనా?"

"అలా కాదండీ, లాగ్‌లో..."

"అయితే ఆ లాగ్‌నే ఎదురుగా కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పుకోండి!"

ల్యాప్‌టాప్ లాక్కుని వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు కుర్చీకి ఆనించి ఉండిపోయింది.

అక్క నెత్తీ నోరూ బాదుకుంది. "ఒరేయ్, ఆడపిల్ల కళ్ళలో చూసి తెలుసుకోవాల్సింది లాగ్‌లో చదివి చెప్తావుట్రా?"

"నువ్వే కదక్కా అన్నావు!"

"నీతో అన్నాను. ఆ పిల్లతో చెప్పమన్నానా?"

ఆ తర్వాత అతనికి ఏ పని మీదా చెయ్యి ఆడలేదు. ఆమె కోప్పడినందుకు కాదు. ఆమె మాట నిజమైతే జబ్బు ఇంకా అలాగే ఉంది. ఆదివారం ఆ తెర మళ్ళీ ఆగిపోతుంది, ఆ పెద్దాయన మూగ బొమ్మల్ని చూస్తూ కూర్చోవాలి. బాగుచేస్తానని మాటిచ్చి, తను చేసిందల్లా ఆమెని అనుమానించడం. అది తల్చుకుంటే అతనికి సిగ్గేసింది.

ఆదివారం మధ్యాహ్నం గొడుగు పట్టుకుని హాలుకి వెళ్ళాడు. వాన లేదు. జనం అప్పుడప్పుడే వస్తున్నారు. ముందు వరుసలో తెల్లజుట్టు పెద్దాయన చొక్కా మడత నలక్కుండా నిటారుగా కూర్చుని, ఖాళీ తెరకేసి చూస్తున్నాడు. స్టేజీ పక్కన చిన్న బల్ల దగ్గర ఆమె వైర్లు సర్దుకుంటోంది.

"గొడుగండీ."

"అక్కడ పెట్టి వెళ్ళండి."

"తప్పైపోయిందని చెప్పడానికి కూడా..."

"చెప్పారుగా. వెళ్ళండి."

అతను వెళ్ళలేదు. ఆమె సంచీలోంచి లావుపాటి నల్లపూసల కంకణమొకటి తీసి ఎడమ మణికట్టుకి తొడుక్కుంది. కుర్చీ లాక్కుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది. తెర మీద 'అందరికీ నమ' అని పడింది.

అంతే, ఆగిపోయింది.

మూత బార్లా తెరిచే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తెర చాటునుంచి మేనేజరుగారు తొంగిచూశారు. ముందు వరుసలో పెద్దాయన కూతురి వైపు తిరిగాడు.

"చూశారా? మూశానా?" అందామె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అతను ల్యాప్‌టాప్ వైపు చూడలేదు. దాని అంచు మీద ఆనిన ఆమె మణికట్టు వైపే చూస్తున్నాడు.

"అదేంటండీ, చేతికి?"

"అత్తయ్యిచ్చింది. టైపు చేసీ చేసీ నొప్పి అంటే, అయస్కాంతాల కంకణం, పెట్టుకోమంది. వీధిలో పెట్టుకుంటే పరువు పోతుందని పని చేసేటప్పుడే పెట్టుకుంటాను. ఇప్పుడదెందుకు?"

అతను నుదురు కొట్టుకున్నాడు. "చెయ్యిలా ఇవ్వండి."

"ఏంటీ!"

"అయ్యో, కంకణం ఇవ్వండి! మూత మూశారో లేదో చూడ్డానికి దీనికి కళ్ళున్నాయా? మూత అంచులో చిన్న అయస్కాంతం ఉంటుంది. ఏ అయస్కాంతం కింద అంచుకి దగ్గరైనా సరే, మూత మూశారనుకుని ఇది నిద్రపోబోతుంది. ఇన్నాళ్ళూ మీ అత్తయ్య కంకణమే మూస్తోందండీ మూత!"

ఆమె కంకణం తీసి ఇచ్చింది. అతను అప్పటికే ల్యాప్‌టాప్‌ని చంపి లేపుతున్నాడు. జీవితంలో మొదటిసారి, రీస్టార్ట్ చేశారా అని ఎవర్నీ అడగలేదు. మూత మూసినా తెరిచినా నీకనవసరం అని ల్యాప్‌టాప్‌కి ఒక్క లైనులో బుద్ధి చెప్పి, కంకణం తన జేబులో వేసుకున్నాడు.

"ఇక కానివ్వండి."

నాటకం మొదలైంది. ఆమె వేళ్ళు పరుగెత్తుతుంటే అతను గోడకానుకుని స్టేజీ వదిలేసి ఆమెనే చూశాడు. హంతకుడి సీను వచ్చింది. 'యజమానిని చంపింది' అని తెర మీద పడింది. అతను గబుక్కున తెర వైపు తిరిగాడు. 'వంటవాడు' అని పడింది.

"నేను ముందే అనుకున్నాను!" ముందు వరుసలో పెద్దాయన తొడ చరిచి అరిచాడు. తన గొంతు తనకి వినపడక, ఎంత గట్టిగా అన్నాడో ఆయనకి తెలీదు. చచ్చిపడున్న యజమాని సైతం ఉలిక్కిపడ్డాడు. హాలంతా నవ్వింది. ఆమె నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, టైపు మాత్రం ఆపలేదు.

అందరూ వెళ్ళిపోయాక పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చాడు. "ఎవరమ్మా ఈ అబ్బాయి?"

"నమస్కారమండీ" అన్నాడు రీస్టార్ట్. ఆమె కొట్టింది. తెర మీద 'నమస్కారమండీ' అని మనిషంత పెద్దగా పడింది.

"ల్యాప్‌టాప్ రిపేరు చేసేవాణ్ణండీ. మూత మీ అమ్మాయే మూస్తోందనుకున్నాను. నన్ను చూడ్డానికి వస్తోందనుకున్నాను."

ఆమె వేళ్ళు కాస్త తడబడ్డాయి. అయినా కొట్టింది. రూలు రూలే.

ఆ రూలు చూశాకే అతనికి ధైర్యం వచ్చింది. ఇక్కడ ఏ మాటన్నా దాగదు కదా. దాచుకోవడం తనకి ఎలాగూ చేతకాదు.

"అలా అనుకోవడానికి లాగ్ ఒక్కటే కారణం కాదండీ. అలా అయితే బాగుండునని నాకుండేది. ఇది బాగైపోతే ఈవిడ మళ్ళీ షాపుకి రారేమోనని భయం కూడా ఉండేది. మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టమండీ."

తెర మీద 'మీ అమ్మాయంటే నాకు' దగ్గర ఆగిపోయింది.

పెద్దాయన ఎదురుచూశాడు. "నాకు... ఏంటి? మళ్ళీ హ్యాంగైందా? ఇప్పుడే కదయ్యా బాగు చేశావు!"

రీస్టార్ట్ తెర మీద టపటపలాడుతున్న కర్సర్‌ని చూపించాడు. మిషన్‌కేమీ కాలేదు. బిగుసుకుపోయింది మిషన్ కాదు. పెద్దాయన కూతురి మొహం చూశాడు. ఆ ఎర్రబడ్డ చెవులు చూశాడు.

"కొట్టమ్మా" అన్నాడు మెత్తగా. "అన్నది అన్నట్టు."

ఆమె తలెత్తకుండా కొట్టింది. 'చాలా ఇష్టమండీ.'

ఆయన చదివాడు. అబ్బాయిని ఎగాదిగా చూశాడు. జేబులోంచి వేలాడుతున్న తన చెల్లెలి కంకణాన్నీ చూశాడు. మళ్ళీ కూతురి వైపు తిరిగాడు. ఆమె నుంచి మాటా లేదు, పలుకూ లేదు. మాట అందక నిలబడిపోయిన మనుషుల్ని ఆయన జీవితమంతా చూసినవాడు. అలవాటుగా పక్కకి వంగి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, గుసగుసగా అందించాడు:

"'నాక్కూడా' అను."

ఆ గుసగుస ఆఖరి వరుస దాకా వినపడింది. లైట్లు విప్పుతున్న ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీదే ఆగిపోయాడు. తెర వెనక మేనేజరుగారి దగ్గు వినిపించింది.

"నాన్నా!" అందామె. రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ సందులోంచి రీస్టార్ట్‌ని చూసింది. పాపం, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డవాడిలా ఉన్నాడు. ఆమెకి జాలేసింది, నవ్వొచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. చేతులు దించి కీబోర్డు మీద పెట్టింది.

తెర మీద ఒక్కో అక్షరమే పడింది.

'నాక్కూడా.'

దాని కిందే, ఇంకో లైను:

'బుధవారం మాత్రం మూత నేనే మూశాను.'

రీస్టార్ట్ ఆ లైను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. పెద్దాయన ఒకేసారి చదివి, తొడ చరిచి, హాలు దద్దరిల్లేలా అన్నాడు:

"నేను ముందే అనుకున్నాను!"