ఆసులు పట్టుకున్నవాడి తెలివి

మంగతాయారుకి అన్యాయం జరిగింది 2049 ఫిబ్రవరి పదకొండున, కాకినాడ బీచ్ రోడ్డు కార్డ్స్ క్లబ్బులో, నలుగురూ చూస్తుండగా. చేసింది ఏ పేకాట రాయుడో కాదు, ఒక యంత్రం. ఆ యంత్రాన్ని తయారుచేసింది డాక్టర్ కౌముది.

అప్పటికి పోకర్ ఆడటం నేరం కాదు. అదృష్టంతో గెలిచిన డబ్బు దాచుకోవడమే నేరం. తెలివితో వచ్చిన వాటా గెలిచినవాళ్లది, అదృష్టంతో వచ్చిన వాటా తిరిగి ఓడినవాళ్లది అని చట్టం చేశారు. గెలుపు ఏదైనా, చివరికి ఆ గెలుపు మీద కోర్టుకెక్కి గెలిచినా సరే, కౌముది కనిపెట్టిన లక్ మీటర్ కింద నుంచి దూరి రావాల్సిందే.

మీటర్ చేసే పని బ్రహ్మవిద్యేం కాదు. పేకముక్కల్లో సన్నటి సెన్సర్లుంటాయి కనుక ఎవరి చేతిలో ఏముందో దానికి తెలుసు. ఆటగాడు డబ్బు బల్ల మధ్యకి తోసిన క్షణంలో, ఆ ముక్కలతో నూటికి ఎన్నిసార్లు గెలుస్తాడో లెక్కేస్తుంది. అంత శాతం తెలివి. మిగిలింది అదృష్టం.

ఆ రోజు మంగతాయారు చేతిలో రెండు రాజులు. ఎదురుగా రియల్ ఎస్టేట్ బుల్లబ్బాయి చేతిలో రెండు ఆసులు. రాజుల జతని మించింది ఆసుల జత ఒక్కటే. అది ఎదుటివాడి దగ్గరే ఉందని ఎవరు కలగంటారు? ఆవిడ ఉన్నదంతా తోసేసింది. బల్లమీద పరిచే అయిదు ముక్కల్లో చిట్టచివరిది ఆటీను రాజు పడింది. ఆరు లక్షలు గెలిచింది.

మీటర్ కూత పెట్టింది. తెలివి పద్దెనిమిది, అదృష్టం ఎనభై రెండు.

"చేతికి ఆసులు రావడం నీ తెలివా బాబూ?" అంది మంగతాయారు.

"నన్నడుగుతావేంటక్కా? మీటర్నడుగు," అంటూ బుల్లబ్బాయి నాలుగు లక్షల తొంభై రెండు వేలు జేబులో వేసుకున్నాడు.

ఆ ప్రశ్న గోడవార నిలబడ్డ కౌముదికి ముల్లులా దిగబడింది. ఎందుకంటే జవాబు ఆవిడకి తెలుసు. మొదట చేసిన మీటర్ ముక్కలు పంచకముందు నుంచే లెక్కేసేది. పంచకముందు ఇద్దరికీ చెరిసగం. అలా చూస్తే ఎవరి గెలుపులోనైనా సగం అదృష్టమే. ఆ మాట క్లబ్బు పెద్దలకి మింగుడుపడలేదు. "ఆసులతో గెలిచినా అదృష్టమేనా? మేమేమన్నా లాటరీ టికెట్లు కొంటున్నామా?" అని లేచారు. ఆసులు పట్టుకున్న ప్రతివాడికీ తను తెలివైనవాడని అనిపించుకోవాలనే ఉంటుంది మరి! మీటర్ కొనరేమోనన్న భయంతో కౌముది లెక్క మొదలయ్యే చోటుని పంపకం తర్వాతకి జరిపేసింది. ప్రోగ్రామ్‌లో ఒకే ఒక్క లైను. కాఫీ చల్లారేలోపు అయిపోయిన పని.

మంగతాయారుది జగన్నాథపురంలో కర్రీ పాయింట్. ఆ గదిని ఓనరు అమ్మకానికి పెట్టాడు. మార్చి నెలాఖరులోగా మూడు లక్షలు బయానా కడితే ఆవిడది, లేకపోతే పొయ్యి ఎత్తేయాలి. మొదటి మీటరే ఉండి ఉంటే ఆ మూడు లక్షలూ చేతికొచ్చేవి.

కౌముది రోజూ వెళ్లి కూర కొనడం మొదలుపెట్టింది. తప్పుచేసినవాళ్లు ఇలాంటి చాదస్తాలే చేస్తారు.

"పప్పుచారు ఇవాళ అమృతంలా కుదిరిందండి," అంది మంగతాయారు ప్యాకెట్ కడుతూ. "తెలివో అదృష్టమో మీ మీటర్ పెట్టి చూసుకోండి."

"మంగతాయారు గారూ... మీటర్ తప్పు చెప్పింది."

"మీటరా, మీరా?"

"నేనే." కౌముది ఉన్నదంతా చెప్పేసింది.

మంగతాయారు ప్యాకెట్ కట్టడం ఆపలేదు. "నాకెందుకు చెబుతారండీ? పోనీలెమ్మా అంటే వెళ్లి హాయిగా నిద్రపోదామనా? చెప్పాల్సిన చోట చెప్పండి."

కౌముది చెప్పింది. మార్చి నాలుగున ట్రిబ్యునల్లో, మంగతాయారు వేసిన కేసులో, క్లబ్బు పెద్దలంతా గుడ్లురుముతుంటే, తన యంత్రం తప్పని, ఆ తప్పు తను తెలిసే చేశానని చెప్పింది. జడ్జి గారు సగం సగం అని తీర్పిచ్చారు. బుల్లబ్బాయి ఇంకో లక్షా తొంభై రెండు వేలు మంగతాయారుకి వదులుకోవాలి. మూడు లక్షలు నిండాయి. కౌముది గుండెల మీద బరువు దిగింది.

బుల్లబ్బాయి లాయరు లేచాడు. "ఇదీ గెలుపే కదండీ? మీటర్ పెట్టించండి."

పెట్టారు. మీటర్ పాత కేసులన్నీ తిరగేసింది. తన పరికరం తప్పని తనంతట తాను ఒప్పుకున్న నిపుణులు నూటికి ముగ్గురు. ఆ ఒప్పుకోలు లేకుంటే ఈ కేసు లేదు. కాబట్టి తెలివి మూడు, అదృష్టం తొంభై ఏడు.

"మనసు చంపుకోలేక చెప్పానండీ! అది అదృష్టం ఎలా అవుతుంది?" అంది కౌముది.

"మీ మనసు ఆవిడ చేతిలో ముక్క కాదు కదమ్మా," అన్నారు జడ్జి గారు. "పడింది, అంతే."

మంగతాయారు కౌముది వైపు తిరిగింది. "మీబోటివాళ్లు నిజం చెప్పడం మామూలు సంగతే అయ్యుంటే, నా గది నాకు దక్కేదండి."

గుమస్తా రికార్డులో రాసుకున్నాడు: 2049 మార్చి 4. మంగతాయారుకి చెల్లించిన మొత్తం, లక్షా తొంభై రెండు వేలలో నూటికి మూడు చొప్పున, అయిదు వేల ఏడు వందల అరవై రూపాయలు.