ఎముకల డాక్టరు గారి మెట్లు

ఆ మెట్ల పేరెత్తితే చాలు, ఊళ్లో సగంమందికి మడమలు సలుపుతాయి.

ఎముకల డాక్టరు ఆసుపత్రి రెండో అంతస్తులో ఎందుకు పెట్టాడని మాత్రం అడక్కండి. కాలు విరిగినవాడు ఎక్కలేడు, ఎక్కగలిగినవాడికి డాక్టరుతో పనిలేదు. లిఫ్టు పెట్టిస్తానని బిల్డింగు ఓనరు చెప్పి తొమ్మిదేళ్లయింది. అది వచ్చేదాకా జనం కుర్చీలో మోయించుకుని ఎక్కుతారు, దేవుణ్ణి తలుచుకుంటూ దిగుతారు.

ఎందుకంటే... దిగేటప్పుడు, పైనుంచి మొదటి మెట్టు దగ్గర — ఎవరో కాలు పట్టి లాగుతారు.

నమ్మకపోతే మానెయ్యండి. మోచెయ్యి చూపించుకోడానికొచ్చిన టైలరు, తిరిగి వెళుతూ చీలమండ మెలిపడి మళ్లీ పైకే వెళ్లాడు. మోకాలు పూర్తిగా బాగైందని చెప్పించుకుని నవ్వుతూ బయటికొచ్చిన టీచరమ్మ, ఆ నవ్వు ఆరకముందే మణికట్టు విరగ్గొట్టుకుంది. అందరిదీ ఒకటే మాట.

"కాలు వేశానండీ... కింద మెట్టు లేదు... ఎవరో లాగేశారు."

ఎవరో ఏమిటి, ముసలమ్మే. నంబర్లు పిలిచే కాంపౌండరు ఆ సంగతి గొంతు తగ్గించి చెబుతాడు. నేను విన్నదీ అతని నోటే.

ఒకప్పుడు తుంటి విరిగిన ఒక ముసలమ్మని తెచ్చి, మెట్లకి ఎదురుగా బల్ల మీద పడుకోబెట్టారట. ఆవిడ నంబరు నలభై ఒకటి. నలభై పిలిచాక డాక్టరు భోజనానికి లేచాడు. భోజనం నుంచి కునుకులోకి, కునుకులోంచి ఆపరేషన్లోకి... తీరా నలభై ఒకటి పిలిచేసరికి పలకడానికి ఆవిడ లేదు. అప్పట్నుంచీ, తనకంటే ముందు చూపించుకుని వెళ్లిపోయేవాళ్ల కాలు పట్టుకుని అడుగుతుందట —

"నా నంబరు పిలిచారా, నాయనా?"

ఆసుపత్రివాళ్లు చెయ్యని పని లేదు. బల్బు మార్చారు. గోడలకి రంగు మార్చారు. "మెట్లు దిగుతూ మాట్లాడరాదు" అని బోర్డు పెట్టారు. "సైన్సులో దెయ్యాల్లేవు" అని డాక్టరు రోజూ అంటాడు గానీ, ఇంటికెళ్లేటప్పుడు రెండు చేతులా కమ్మీ పట్టుకుని, ఆ మెట్టు వదిలేసి రెండో దాని మీదకి కాలు చాపుతాడు.

ఇక మన మేస్త్రి సంగతి. ఇళ్లు కట్టే మేస్త్రి. ఊళ్లో అందరూ ఆయన్ని "మట్టం మేస్త్రి" అంటారు. గోడ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి పరికరం అక్కర్లేదనీ, తన కన్నే మట్టం అనీ చెప్పుకుని తిరగడం వల్ల వచ్చిన పేరు అది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన నోట "తప్పు నాది" అన్న మాట భార్య వినలేదు. గోడ వంకరైతే తప్పు ఇటుకది. గొడుగు మర్చిపోతే తప్పు వానది. పరంజా మీంచి కింద పడి కుడి చీలమండ వాచినప్పుడు, తప్పు పరంజాదని వేరే చెప్పాలా?

"ఎముక విరగలేదు. లిగమెంటు తెగింది" అన్నాడు డాక్టరు, మేస్త్రి వైపు కాకుండా ఎక్స్‌రే ఫిల్మువైపు చూస్తూ. "అంటే ఎముకల్ని కట్టి ఉంచే పగ్గం లాంటిది. ఎముకైతే బుద్ధిగా అతుక్కుంటుంది. ఇది సతాయిస్తుంది. ఆరు వారాలు కదలకూడదు."

మధ్యలో ఒకసారి కట్టు చూపించుకోడానికి వచ్చినప్పుడు, పనిలో పనిగా భార్య నడుంనొప్పి సంగతి అడిగింది. ఆవిడకీ పరీక్షలు చేశారు.

"ఎముకలు గుల్లబారాయమ్మా. మీరు ఎట్టి పరిస్థితుల్లోనూ పడకూడదు. పడ్డారా, తుంటి విరుగుతుంది. మళ్లీ లేచి నడుస్తారని నేను చెప్పలేను."

"నేనెందుకు పడతానండీ? మా ఇంట్లో పడే మనిషి ఈయన" అందావిడ. ఆ రోజే దిగేటప్పుడు పై మెట్టు దగ్గర తూలి, కుర్చీ మోసేవాడి చొక్కా పట్టుకుని నిలదొక్కుకుంది. తప్పు చెప్పులదని తేల్చి కొత్త జత కొనుక్కుంది. మొగుడికి తగ్గ పెళ్లాం.

కట్టు కోసే రోజు మేస్త్రిది ఆఖరి నంబరు. వెయిటింగు హాల్లో కూర్చుని గంటన్నరసేపు ఆయన చెప్పిందే చెప్పాడు — ఈ బిల్డింగు తన చేతి కట్టుబడేనని, నేల మీద గోలీ పెడితే అంగుళం కూడా దొర్లదని. పక్కవాళ్లు ముసలమ్మ ఊసెత్తగానే అందరికంటే ముందు తలూపాడు.

"దెయ్యమే. అనుమానం లేదు. ఆ మెట్లు పోసింది నేను. వాటిలో లోపం ఉండే ప్రశ్నే లేదు."

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు" అంది భార్య. "ఒళ్లు దగ్గర పెట్టుకుని దిగరు, ముసలమ్మ మీద తోస్తారు. అందరూ చూస్తుండగా ఆ మెట్టు మీదే ధన్‌మని కాలేసి దిగుతాను, ఎవరొచ్చి లాగుతారో లాగమనండి."

రాత్రి ఎనిమిదయింది. కట్టు కోశారు. లోపలినుంచి వచ్చిన కాలు ఆయనది కాదేమో అన్నంత సన్నగా ఉంది. సాగే బ్యాండేజీ చుట్టి, చేతికి కర్ర ఇచ్చి, "మళ్లీ మెలిపడిందంటే పరంజా మాట మర్చిపోండి" అని పంపించాడు డాక్టరు.

మెట్ల దాకా వచ్చాక భార్యకి ఫిల్ములు లోపలే మర్చిపోయామని గుర్తొచ్చింది. "ఇక్కడే ఉండు, కదలకు" అని వెనక్కి వెళ్లింది.

అప్పుడే కరెంటు పోయింది.

ఉండమంటే ఉండే మనిషి కాదు మేస్త్రి. తను కట్టిన మెట్లు తనకి చీకట్లో తెలియవా? ఎడం చేత్తో కమ్మీ పట్టుకున్నాడు. మంచి కాలు ముందుకి చాపాడు. దించాడు... ఇంకా దించాడు...

మెట్టు లేదు.

కర్ర జారి కిందికి దొర్లుకుంటూ పోయింది. ఆయన కమ్మీకి వేళ్లాడి, ఎలాగో పై నేల అంచు మీద చతికిలబడ్డాడు. చెవి వెనకాల ఎవరిదో ఊపిరి...

"పట్టుకుందా... మేస్త్రీ?"

కేక పెట్టబోయి ఆగాడు. కాంపౌండరు గొంతు.

"కాలు దగ్గరే ఉంటుంది" అంది ఆ గొంతు మళ్లీ. "ఆవిడ చెయ్యి తగిలితే కదపకండి."

మేస్త్రి భయపడుతూనే పాదం దగ్గర తడిమాడు. వేళ్లకి చల్లగా సిమెంటు తగిలింది. ముప్ఫై ఏళ్లుగా ఆ చేతికి ఒకటే అలవాటు — ఏది తగిలినా కొలవడం. కింది మెట్టు ఎత్తు కొలిచింది. రెండు బెత్తెలు. దాని కిందది, రెండు బెత్తెలు. పైది... రెండు బెత్తెల మీద రెండు వేళ్లు.

మళ్లీ కొలిచాడు. మళ్లీ రెండు వేళ్లు ఎక్కువే.

అప్పుడు పుట్టింది అసలు భయం.

మెట్లు పోసింది ఉత్త స్లాబు ఎత్తు చూసుకుని. ఆ తర్వాత పై అంతస్తులో బండలు పరిచారు. బండా, దాని కింద సిమెంటూ కలిసి నేల రెండు వేళ్లు లేచింది. మెట్లు లేవలేదు. ఓనరు అడిగాడు కూడా. "రెండు వేళ్లదేముందండీ, నాలుగు రోజులు దిగితే కాళ్లే అలవాటు పడతాయి" అన్నది ఎవరు? ఇంకో పని చేతిలో ఉందని తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోయిందెవరు?

టైలరు, టీచరమ్మ... ఆ లెక్క తలుచుకోడానికే సిగ్గేసింది ఆయనకి. ఎవరికి చెప్పాలి? ఎందుకు చెప్పాలి? ముసలమ్మ ఎలాగూ మోస్తోందిగా. ఇన్నేళ్లు మోసింది, ఇంకో పదేళ్లు మోస్తుంది...

టక్... టక్... టక్...

వెనకనుంచి కొత్త చెప్పుల చప్పుడు.

"అమ్మా, మొదటి మెట్టు వదిలెయ్యండి, ముసలమ్మ ఉంది!" అన్నాడు కాంపౌండరు.

"ఉంటే లేవమను. దాని నెత్తి మీదే కాలు పెడతాను."

దెయ్యం ఉందంటే ఇంకాస్త గట్టిగా కాలేస్తుంది. ఆ సంగతి మేస్త్రికి తెలిసినట్టు ఎవరికి తెలుసు? గుల్లబారిన ఎముకలు. తుంటి. మళ్లీ లేవదు...

"ఆగవే!"

"ఎందుకాగాలి?"

"మెట్టు... బాలేదు."

డాక్టరు ఫోను లైటు వేసుకుని వచ్చాడు. ఆ వెలుగులో ఆవిడ అప్పటికే ఒక కాలు ఎత్తి ఉంది.

"బాలేకపోవడమేంటి? కట్టింది ఎవరు?"

గంటన్నరసేపు గొప్పలు విని, మందుల కోసం ఆగిపోయినవాళ్లంతా అక్కడే నిలబడి ఉన్నారు. మేస్త్రి నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. ఎన్నడూ వాడని మాట, ఎక్కణ్ణుంచో పెకలించుకుని బయటపడింది.

"నేనే... తప్పు నాది."



ఆవిడ ఎత్తిన కాలు మెల్లగా వెనక్కి తీసుకుంది. రెండడుగులు వెనక్కి నడిచింది. చేతిలో ఫిల్ములు గలగలమన్నాయి. దెయ్యమూ గియ్యమూ లేదన్న మనిషి, డాక్టరు చొక్కా గట్టిగా పట్టుకుంది.

"డాక్టరు గారూ..." అంది. "మా ఆయన చచ్చినా ఆ మాట అనడండీ. ముసలమ్మ... ఈయన్ని పట్టేసింది!"