దండెం మీద ఎర్రగుడ్డ

శుక్రవారం పొద్దున్నే ప్రొద్దుటూరులో మక్బూల్ ఇంటి ముందరి అంగడి తెరిచాడు. బండ్ల వెనక కుదుపులు ఆపే షాకబ్జర్లు విప్పి, పాత ఆయిలు వంచి, సీళ్లు మార్చి, కొత్త ఆయిలు నింపడంలో ఆయనది మంచి చెయ్యి. పులివెందుల నుంచి కూడా వచ్చేవాళ్లు. పని పూర్తికాని బండి హ్యాండిలుకు ఎర్రగుడ్డ కడతాడు. గుడ్డ ఉంటే ఎవరూ ఆ బండి తోలరు. లేదంటే ఎక్కి పోవడమే.

భార్య లాల్‌బీ టీ గ్లాసు గడప మీద పెట్టి లోపలికి పోయింది. ఏడాదిగా చేతికి అందించడం లేదు. ఎలా అందిస్తుంది పాపం, ఒక్కగానొక్క కొడుకు సలీం మట్టిలో కలిసిపోతే!

ఊళ్లు రెండు పార్టీలుగా చీలి, నాటుబాంబులు పేలుతున్న రోజులవి. సలీం ఒక పార్టీ వెంట తిరిగేవాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా, చెప్తే వింటేగా! జమ్మలమడుగులో గొడవ జరగబోతోందని తెలిసి, బండి పని కాలేదన్న సాకుతో వాణ్ణి ఆపాలని మక్బూల్ వాడి బండి షాకబ్జర్లలో ఆయిలు వంచేసి, నింపకుండానే బిగించి నమాజుకు పోయాడు. తిరిగొచ్చేలోపు సలీం బండి ఎక్కి వెళ్లిపోయాడు. సందుల్లో మెల్లగా పోయినంతసేపు తేడా తెలియలేదు. జమ్మలమడుగు దారిలో ఎదుటి పార్టీ జీపు తరిమితే, గుంతలో పడిన బండి ఎగిరెగిరి వాణ్ణి విసిరికొట్టింది. వెనకొచ్చే జీపు ఆగలేదు.

గుడ్డ కట్టడం మరిచి బిడ్డను చంపుకున్నావని లాల్‌బీ అందరి ముందూ మొగుణ్ణి దుమ్మెత్తిపోసింది. ఆయన ఆ మాటలన్నీ పడ్డాడు.

సలీం పోయాక ఆమె అంగట్లో ఆయిలు గుడ్డలు ఉతకడం మానేసింది. ఈ శుక్రవారం వాటి వాసన భరించలేక బకెట్టుతో వచ్చి అన్నీ ఏరింది. అక్కడున్న బండికి కట్టిన ఎర్రగుడ్డ కూడా మురికి ఓడుతోంది. చెయ్యి చాపింది.

"దాన్ని మాత్రం తీయొద్దు లాల్‌బీ."

ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. సలీం పోయిన రోజూ శుక్రవారమే. "పోయొస్తామ్మా" అని సలీం కేకేసినప్పుడు తను దండెం కింద నిలబడి ఎర్రగుడ్డే పిండుతోంది.

"ఆ పొద్దు కట్టినావు గదా? నేనే ఇప్పి ఉతికినా."

మక్బూల్ తల దించుకున్నాడు.

"నీకు తెల్సా?"

"నేనొచ్చేతలికి దండెం మీద ఆరతాండె."

"మరి ఏడాదిగా నేనంటాంటే ఎందుకు పడినావు?"

"ఆయిలు వంచినోణ్ని నేనే గదా. బిడ్డ ఎట్టా పాయె. ఇది తెలిస్తే నువ్వు బతకవని..."

లాల్‌బీ ఆ జిడ్డు నేల మీదే కూలబడి ఏడ్చింది. మక్బూల్ పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయాడు.

చాలాసేపటికి ఆమె లేచింది. గడప మీద చల్లారిన టీ పారబోసి, వేడిగా కాచి తెచ్చి, ఆయన చేతికి అందించింది.